గింజకూ ఇంజిన్‌కూ మధ్య: తినని నూనెల ఇంధనంపై ఒక సమీక్ష

కానుగ గింజలో ఇంధనానికి పనికొచ్చే నూనె ఉందా అన్న ప్రశ్న ఎప్పుడో తేలిపోయింది. ఉంది. అడవి ఆముదంలోనూ, వేపలోనూ, ఇప్పలోనూ ఉంది. ఆ నూనెతో ఇంజిన్ తిరుగుతుందా అన్నదీ తేలింది. తిరుగుతుంది. అయినా మన దేశంలో ఈ చర్చ పాతికేళ్లుగా నలుగుతూనే ఉంది. చెట్టు గురించి మాట్లాడేవారు దిగుబడి లెక్కలు చెబుతారు. భూమి గురించి మాట్లాడేవారు పశువుల మేత సంగతి ఎత్తుతారు. ఇంజిన్ తెలిసినవారు ప్రమాణాల పట్టిక తీస్తారు. గింజ నూనెగా మారే చోటును, అంటే గానుగను, తీరిగ్గా పరిశీలించినవారు తక్కువ. ఒక గింజ నుంచి ఎంత నూనె పిండగలం, ఎక్కడ పిండాలి, పిండగా మిగిలిన చెక్క ఎవరికి దక్కాలి? ఈ మూడూ తేలితే గానీ మిగతా వాదాల్లో ఏది ఎంతవరకు నిజమో చెప్పలేం.

వెనక నడిచిన కథ

1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజిన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. ఇంజిన్‌ను రూపొందించిన రుడాల్ఫ్ డీజిల్ ఆ తరవాత కూడా మొక్కల నూనెల మీద ఆసక్తి వదల్లేదు. కానీ భూమిలోంచి తోడిన చమురు చవగ్గా దొరకడంతో ఇంజిన్లన్నీ దానికి తగ్గట్టే తయారయ్యాయి. ఆ 1900లోనే అమెరికాలో వలేరియస్ ఆండర్సన్ ఎక్స్‌పెల్లర్‌కు పేటెంటు పొందాడు. ఒక వాయి వేసి, పిండి, ఖాళీ చేసి, మళ్లీ వేసే పని పోయి, ఒక వైపు గింజ పడుతుంటే మరో వైపు చెక్క రాలే యంత్రం వచ్చింది. ఈనాటికీ మన పట్నాల నూనె మిల్లుల్లో తిరుగుతున్నది దాని సంతతే.

మన దగ్గర తినని నూనెలకు పెద్ద చరిత్రే ఉంది. దీపానికి ఆముదం, కానుగ నూనె. బండి ఇరుసుకు ఆముదం. సబ్బుకు, తోలు పదునుకు కానుగ, వేప. ఎడ్ల గానుగ మీద తెలికుల, గాండ్ల కుటుంబాలు తరతరాలు బతికాయి. కిరోసిన్, ఆ తరవాత కరెంటు వచ్చాక దీపం నూనె పోయింది. సబ్బు, తోలు గిరాకీ మాత్రం పోలేదు. ఇంధన వాదులు తరచూ మరిచే విషయం ఇదే.

ఆధునిక చర్చ మొదలైంది 2000 ప్రాంతంలో. వంటనూనె అవసరంలో సగానికి పైగా దిగుమతి చేసుకునే దేశం తినే నూనెను ఇంజిన్లో పొయ్యలేదు. కాబట్టి తినని గింజల వైపు చూపు మళ్లింది. 2002 డిసెంబరు 31న ఢిల్లీ - అమృత్‌సర్ శతాబ్ది ఎక్స్‌ప్రెస్‌ను నూనెను రసాయనికంగా పలచబరిచి చేసే బయోడీజిల్ 5 శాతం కలిపిన ఇంధనంతో నడిపి చూశారు. 2003 ఏప్రిల్‌లో ప్రణాళికా సంఘం కమిటీ నివేదిక ఇచ్చింది. కోటి హెక్టార్లకు పైగా భూమిలో అడవి ఆముదం వేస్తే డీజిల్‌లో 20 శాతం కలపడానికి సరిపోయే నూనె వస్తుందని దాని అంచనా. బయోడీజిల్‌ను లీటరు 25 రూపాయలకు కొంటామన్న విధానం 2005లో ప్రకటించి 2006 జనవరి నుంచి అమల్లో పెట్టారు. 2009 జాతీయ విధానం 2017 నాటికి 20 శాతం అంది. 2018 విధానం ఆ అంకెను 5 శాతానికి దించి, గడువును 2030కి జరిపింది. ఆచరణలో కలుపుతున్నది ఒక్క శాతం కూడా లేదు. లక్ష్యం ఇంతగా కుంగిపోవడానికి కారణాలు వెతకాలంటే యంత్రం దగ్గరకు వెళ్లాలి.

యంత్రం దగ్గర ఏం జరుగుతుంది

కానుగ కాయ ముదిరి ఎండాక కర్రతో కొట్టి పప్పు తీస్తారు. కాయలో ఒకటి, ఎప్పుడైనా రెండు గింజలు. బస్తాలో గింజతో పాటు ఇసుక, చితికిన తొక్క వస్తాయి. జల్లెడ పట్టకుండా ఎక్స్‌పెల్లర్‌లో పోస్తే లోపల మరలా తిరిగే వార్మ్ షాఫ్టును ఇసుక ఆకురాయిలా అరగదీస్తుంది. గింజలో తేమ ఎక్కువైతే లోపల ముద్ద కట్టి జారిపోతుంది, మరీ ఎండితే పొడి అయి నూనెను తనలోనే పట్టుకుంటుంది. ఏడెనిమిది శాతం తేమ ఉంటే మంచిది. అనుభవమున్న ఆపరేటరు కొలిచే పరికరం లేకుండానే గింజను గోటితో విరిచి ఆ సంగతి చెబుతాడు.

వార్మ్ షాఫ్టు గింజను ఇనుప బద్దీల పంజరంలోకి నెట్టుకుంటూ పోతుంది. ముందుకు పోయేకొద్దీ చోటు తగ్గుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. బద్దీల సందుల్లోంచి నూనె కారుతుంది. చివరనున్న కోనును బిగిస్తే చెక్క పలచటి బిళ్లల్లా వస్తుంది, నూనె కాస్త ఎక్కువ దిగుతుంది, దాంతోపాటే వేడీ, కరెంటు ఖర్చూ పెరుగుతాయి. వేడి పెరిగితే నూనెలోకి ఫాస్ఫరస్ ఉండే జిగురు పదార్థాలు ఎక్కువగా దిగుతాయి. ఆముదం దీపానికి అవి అడ్డం కాదు. ఇంజిన్ నాజిల్‌కు అడ్డమే. అంటే గింజను గట్టిగా పిండిన కొద్దీ నూనె పెరుగుతుంది, నాణ్యత తగ్గుతుంది. ఈ రెంటి మధ్య ఎక్కడ ఆగాలన్నది యంత్రం నడిపే మనిషి రోజూ తీసుకునే నిర్ణయం. విధాన పత్రాల్లో దాని ఊసే ఉండదు.

అడవి ఆముదంలో ఇంకో చిక్కుంది. నల్ల పెంకు పూర్తిగా ఒలిచి పప్పు ఒక్కటే వేస్తే షాఫ్టుకు పట్టు దొరకదు. పప్పు వెన్నలా చుట్టుకుపోతుంది. పెంకు ఉంచితే పట్టు దొరుకుతుంది గానీ ఆ పెంకు కొంత నూనెను పీల్చుకుని చెక్కలోకి పోతుంది. అందుకే చాలాచోట్ల పెంకుతోనే పిండుతారు.

పిండే పద్ధతుల మధ్య తేడా ఎంత? బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయానికి చెందిన వౌటర్ ఆక్టెన్, ఆయన సహచరులు 2008లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ గుదిగుచ్చి అడవి ఆముదంపై ఒక సమీక్ష రాశారు. గింజలో ఉన్న నూనెలో చేతి ప్రెస్సు 60 నుంచి 65 శాతం తీస్తుందని, ఇంజిన్‌తో తిరిగే స్క్రూ ప్రెస్సు 75 నుంచి 80 శాతం తీస్తుందని అందులో ఉంది. గింజను ముందుగా ఉడికించి రెండుసార్లు పిండితే 90 శాతం దాకా వెళ్లవచ్చు. గింజలో 34 శాతం నూనె ఉందనుకుంటే, 100 కిలోలకు చేతి ప్రెస్సుతో 20 - 22 కిలోలు, ఎక్స్‌పెల్లర్‌తో 25 - 27 కిలోలు వస్తాయి. హెక్సేన్ ద్రావణంతో తీసే పెద్ద ప్లాంటు చెక్కలో ఒక శాతం నూనె కూడా మిగల్చదు. కానీ అలాంటి ప్లాంటు గిట్టుబాటు కావాలంటే రోజుకు పదుల టన్నుల సరుకు ఆగకుండా రావాలి. హెక్సేన్ మంట అంటుకునే గుణమున్నది కనుక భద్రతా ఏర్పాట్లకు ఖర్చు వేరే. అంత గింజ ఏ మండలంలోనూ ఒక్కచోట దొరకదు. ఎంత సమర్థమైన యంత్రమైతే అంత దూరం నుంచి గింజ తెచ్చుకోవాలి. ఈ చర్చలోని ప్రధానమైన తగవు ఇక్కడే పుట్టింది.

మూడు పక్షాలు

మొదటిది జాతీయ డీజిల్ పక్షం. దేశం దిగుమతి బిల్లు తగ్గాలి, బీడు భూమి పచ్చబడాలి, గ్రామానికి పని దొరకాలి అన్నది వీరి ఆశ. ఇందులో తప్పుపట్టాల్సింది లేదు. చిక్కంతా దిగుబడి అంచనాల దగ్గర వచ్చింది. హెక్టారుకు ఐదు టన్నుల గింజ వస్తుందన్న మాట నీరు, ఎరువు ఉన్న నేలకే ఎంతో కొంత వర్తిస్తుంది. వాన మీదే ఆధారపడ్డ నేలలో చాలాచోట్ల టన్ను కూడా దాటలేదు. పైగా అడవి ఆముదం కాయలు ఒక్కసారి పండవు. ఒకే గుత్తిలో పచ్చికాయ, పండుకాయ, ఎండుకాయ పక్కపక్కనే ఉంటాయి. అదే చెట్టు దగ్గరకు పదేపదే వెళ్లి ఏరాలి. ఆ కూలికి ఆ నూనె ధర సరిపోలేదు.

ఈ పక్షం మన దేశానికే పరిమితం కాదు. 2008 నాటి ఒక అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం ప్రపంచమంతటా దాదాపు 9 లక్షల హెక్టార్లలో అడవి ఆముదం నాటారు. బ్రిటిష్ కంపెనీ డీ1 ఆయిల్స్‌తో 2007లో జట్టుకట్టిన చమురు దిగ్గజం బీపీ 2009లో తప్పుకుంది. 2011లో ప్రమోద్ కాంత్, షుయిరోంగ్ వూ ఒక శాస్త్ర పత్రికలో ఈ పంట ప్రపంచవ్యాప్తంగా ఎలా కుప్పకూలిందో రాశారు. ఇంత వేగంగా పైకి లేచి ఇంత వేగంగా పడిన పంట ఇటీవలి చరిత్రలో మరొకటి కనబడదు. నష్టం ఎక్కువగా రైతులదే: మొక్క వేసి మూడు నాలుగేళ్లు ఎదురుచూసి, కొనేవాడు లేక పీకేసినవాళ్లు.

రెండోది గ్రామ నూనె పక్షం. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఉడుపి శ్రీనివాస నాయకత్వాన జరిగిన పని దీనికి మూలం. తుమకూరు జిల్లా కగ్గనహళ్లిలో కానుగ నూనెతో జనరేటర్లు నడిపి బోర్లకు కరెంటు ఇచ్చారు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని చాల్‌బరిడి అనే ఆదివాసీ గూడెంలో కానుగ నూనెతోనే దీపాలు వెలిగించారు. వీళ్లు నూనెను బయోడీజిల్‌గా మార్చలేదు; వడపోసి నేరుగా వాడారు. కానుగ నూనె చిక్కదనం డీజిల్‌కు పది రెట్ల దాకా ఉంటుంది. కొత్త తరం వాహన ఇంజిన్ దాన్ని తట్టుకోలేదు. నెమ్మదిగా తిరిగే పాత రకం ఆయిల్ ఇంజిన్ తట్టుకుంటుంది. దాన్నీ డీజిల్‌తో మొదలుపెట్టి, వేడెక్కాక నూనెకు మార్చి, ఆపే ముందు మళ్లీ డీజిల్‌తో గొట్టాలు కడిగేస్తేనే నాజిల్‌లో మసి పేరుకోదు.

అదే జిల్లా జైనూరు మండలంలోని పవర్‌గూడ కథ ఇంకాస్త ముందుకు వెళ్లింది. అక్కడ గోండు మహిళల సంఘం కానుగ మొక్కలు పెంచి, నూనె మిల్లు నడిపింది. మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ చేయూతనిచ్చింది. రాబోయే పదేళ్లలో ఆ నూనె డీజిల్ స్థానంలో వాడితే తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు బదులుగా 2003లో ప్రపంచ బ్యాంకు ఆ సంఘానికి 645 డాలర్లు చెల్లించింది. మొత్తం చిన్నదే. కానీ ఒక గూడెం మహిళలు పర్యావరణానికి చేసిన మేలును లెక్కగట్టి దానికి డబ్బు చెల్లించడం అప్పటికి కొత్త.

ఈ పక్షం బలహీనత కూడా చెప్పాలి. గ్రిడ్ కరెంటు చవగ్గా ఊళ్లోకి వచ్చిన రోజున నూనె జనరేటరుకు పని తగ్గిపోతుంది. గింజ ధర పెరిగిన ఏడాది సంఘం నూనె కాల్చడం మాని గింజే అమ్ముకుంటుంది. పశ్చిమాఫ్రికాలోని మాలి దేశంలో గరాలో అనే ఊరు 2007 నుంచి 300 కిలోవాట్ల కేంద్రాన్ని అడవి ఆముదం నూనెతో నడపాలని పూనుకుంది. చెట్లు ఎదిగి నూనె చేతికొచ్చేలోపు మొదట్లో ఎక్కువగా డీజిలే కాల్చాల్సి వచ్చింది.

మూడోది భూమి పక్షం. బీడు అని కాగితంలో రాసిన నేల నిజంగా ఎవరికీ పనికిరానిదేనా అన్నది వీరి ప్రశ్న. ఊరుమ్మడి నేల మేకలకు మేత, పేదల పొయ్యిలోకి కట్టె. అడవి ఆముదం ఆకు పశువు ముట్టదు. కంచెకు అది సుగుణం, మేత బీడుకు అదే దెబ్బ. తమిళనాడులో పెరె అరిజా-మొంటోబ్బియో, శరచ్చంద్ర లేలే చేసి 2010లో ప్రచురించిన అధ్యయనం మరో సంగతి బయటపెట్టింది. అడవి ఆముదం బీడులోకే పోలేదు. వేరుశనగ లాంటి పంటలు పండే రైతుల సొంత పొలాల్లోకీ వెళ్లింది. తినని గింజ తిండితో పోటీ పడదన్న ధీమా అక్కడ నిలవలేదు. నూనె తినేదా కాదా అన్నది గింజ గుణం. తిండికి అడ్డొస్తుందా అన్నది ఆ గింజ వేసిన నేల బట్టి ఉంటుంది. ఆ మాటకొస్తే తినని గింజల జాబితాలో చేర్చిన ఇప్పనే చూడండి. ఆదిలాబాద్ అడవుల్లో ఇప్ప నూనె వంటనూనె కూడా. దాన్ని తినని నూనె అని ఢిల్లీలో రాసినంత మాత్రాన గోండు ఇంటి పొయ్యి మీద అది తినని నూనె అయిపోదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

అడవి ఆముదం తొందరగా కాపుకొస్తుంది. చెక్క విషపూరితం, పశువుకు పెట్టరాదు. గింజ తిని పిల్లలు జబ్బుపడిన ఘటనలు ఎన్నో. కానుగ కాపుకు రావడానికి నాలుగు నుంచి ఏడేళ్లు పడుతుంది. వచ్చాక దశాబ్దాలు కాస్తుంది, వేళ్లలో నత్రజని స్థిరపరుస్తుంది, గట్ల మీద, రోడ్ల పక్కన పెరుగుతుంది. చెక్కలో 4 శాతం దాకా నత్రజని ఉంటుంది. గింజలో నూనె అడవి ఆముదం కంటే కొంచెం తక్కువే. ఎక్స్‌పెల్లర్‌లో పావు వంతు చేతికొస్తుంది. వేప నూనెకూ పిండికీ పురుగుమందుగా, ఎరువుగా ఇప్పటికే మంచి ధర ఉంది. దాన్ని కాల్చడం దండగ. ఆముదానికి ప్రపంచ మార్కెట్టే ఉంది, పైగా చిక్కదనం మరీ ఎక్కువ. ఇంధనం కోణంలో కానుగే మేలైనది అనిపిస్తుంది. హాసన్ దగ్గర మాదేనూరులో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం నడిపిన బయోఫ్యూయల్ పార్కు కూడా ఒకే పంట తోటలు వదిలి, కానుగ, వేప, ఇప్ప వంటి చెట్లను రైతుల గట్ల మీదకే తెచ్చింది. ఇన్నేళ్ల ప్రయోగాల్లో తెలివైన మలుపు అదే.

ఇక పిండే చోటు. ఊళ్లో పిండితే గింజలోని నూనెలో ఐదో వంతు చెక్కలో మిగిలిపోతుంది, కానీ చెక్క ఊళ్లోనే ఉంటుంది. దూరాన పెద్ద ప్లాంటులో తీస్తే నూనె దాదాపు అంతా దక్కుతుంది, చెక్క వెళ్లిపోతుంది. దీన్ని ఎరువు లెక్కలో చూడాలి. 700 కిలోల కానుగ గింజ పిండితే వచ్చే చెక్కలో సుమారు 20 కిలోల నత్రజని. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేదీ దాదాపు అంతే. చెట్టు గాలిలోంచీ నేలలోంచీ తీసుకున్న ఆ సారం లారీ ఎక్కి పోతే, రైతు దాన్ని మళ్లీ బస్తాగా కొనుక్కోవాలి.

నాణ్యత విషయంలో మాత్రం పెద్ద ప్లాంటుదే పైచేయి. ఊరి గోదాములో తడిసిన గింజ నుంచి తీసిన నూనెలో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి. అవి 2 శాతం దాటితే క్షారంతో ఒక్క దశలో బయోడీజిల్ చేయడం కుదరదు, సబ్బు కడుతుంది. ముందు ఆమ్లంతో శుద్ధి చేయాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 15607 అందుకోవాలంటే ప్రయోగశాల కావాలి. కనుక వాహనాలకు అమ్మే బయోడీజిల్ ఊరి గానుగ పని కాదు; స్థిరంగా తిరిగే ఇంజిన్‌కు నూనె ఇవ్వడం ఊరి గానుగ పనే. ఈ రెండింటినీ ఒకే విధానంలో, ఒకే ధరతో కట్టేయడం వల్ల రెండూ దెబ్బతిన్నాయి.

ధర లెక్క

లీటరు కానుగ నూనెకు సుమారు 3.7 కిలోల గింజ కావాలి. 2006 విధానంలో బయోడీజిల్ ధర లీటరు 25 రూపాయలు. గింజ కిలో 6 రూపాయలకు దొరికినా లీటరుకు గింజ ఖర్చే 22 రూపాయలు. పిండే కూలి, నూనెను బయోడీజిల్‌గా మార్చే మిథనాల్, రవాణా మిగిలిన 3 రూపాయల్లో ఎలా సర్దుకుంటాయి? సర్దుకోలేదు. ఫ్యాక్టరీలు పామాయిల్ స్టియరిన్, జంతువుల కొవ్వు, వాడేసిన వంటనూనెల వైపు మళ్లాయి.

2020 మేలో కేంద్రం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మద్దతు ధరలు సవరించినప్పుడు కానుగ గింజకు కిలో 22 రూపాయలు పెట్టింది. అది గింజ ఏరే ఆదివాసీ మహిళకు దక్కాల్సిన న్యాయమైన ధరే. ఆ లెక్కన లీటరు నూనెలో గింజ ఖర్చే 81 రూపాయలు. మిగిలే 2.7 కిలోల చెక్క కిలో 15 రూపాయలకు అమ్ముడైందనుకుంటే 40 రూపాయలు తిరిగొస్తాయి. అప్పుడు నూనె డీజిల్‌తో పోటీ పడగలదు. చెక్క అమ్ముడు కాకపోతే పడలేదు. ఇంధనం బతుకు చెక్క మీద ఆధారపడి ఉందంటే వింతగా ఉంటుంది గానీ అంకెలు చెప్పేది అదే. ఆపైన సబ్బు తయారీదారు, పురుగుమందుల కంపెనీ అదే నూనెకు డీజిల్ కంటే ఎక్కువ ఇస్తే, మిల్లు నడిపేవాళ్లు దాన్ని ఇంజిన్‌లో పొయ్యాలని అడగడం అన్యాయం. మంచి వాడుక దొరికిన నూనెను అటే పోనివ్వాలి.

ఇంకా తేలనివి

మేలైన కానుగ రకాలు ఎంత కాస్తాయన్నది మొదటిది. గింజతో మొలిపించిన చెట్లలో ఒకటి విరగకాస్తే పక్కది ఖాళీగా ఉంటుంది. అంటు మొక్కలతో దీన్ని సరిచేయొచ్చు. కానీ వానాధారపు గట్ల మీద, పదిహేను ఇరవై ఏళ్ల కాపు లెక్క చేతిలో ఉంటేనే రైతుకు మాట ఇవ్వగలం. అడవి ఆముదం విషయంలో జరిగిన పొరపాటు అదే. లెక్క రాకముందే మాట ఇచ్చేశారు.

రెండోది చెక్కతో బయోగ్యాస్. నూనె మిగిలిన చెక్క నుంచి గ్యాస్ బాగా వస్తుంది, ఆ తరవాత స్లర్రీ ఎరువుగానే పొలానికి పోతుంది. కగ్గనహళ్లి బృందం కూడా ఈ దారి పట్టింది. ఇది గిట్టుబాటయితే చిన్న ఎక్స్‌పెల్లర్ వదిలేసే నూనె నష్టం కిందికి రాదు. హెక్సేన్ ప్లాంటు గొప్పతనం చాలావరకు తగ్గిపోతుంది.

మూడోది అన్నిటికంటే దగ్గరపడ్డది: విమానాలు. 2018 ఆగస్టు 27న డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి స్పైస్‌జెట్ విమానం ఒకటి అడవి ఆముదం నుంచి తీసిన ఇంధనం కలుపుకుని ఎగిరింది. అంతర్జాతీయ విమానాల ఇంధనంలో 2027కు 1 శాతం, 2028కి 2 శాతం జీవ ఇంధనం కలపాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో నిమ్మజాతి తోటలు తెగుళ్లతో పోయిన నేలల్లో ఒక కంపెనీ మన కానుగనే వేసి, చేదు తీసి తినే నూనెగా కూడా అమ్మే ప్రయత్నం చేసింది. గిరాకీ ఇలా పెరిగితే గింజ ధర పెరుగుతుంది, ఏరేవారికి మేలే. అదే సమయంలో జైనూరు, ఉట్నూరు సంతల నుంచి గింజ నేరుగా దూరపు ప్లాంటుకు బండి కట్టే రోజూ వస్తుంది. కొనుగోలు ఒప్పందంలో గింజకు బదులు నూనె కొంటామని రాస్తారా, లేక గింజ తీసుకుని చెక్కను తిరిగి ఆ ఊళ్లకే చేరుస్తామని రాస్తారా, గిరిజన సహకార సంస్థకూ మహిళా సంఘాలకూ ఆ బేరంలో కూర్చునే చోటు ఉంటుందా అన్నవి ఇప్పుడే, తొలి ఒప్పందాలు రాసుకునే ముందే, అడగాల్సిన ప్రశ్నలు.